లిస్బన్‌లో ఎక్కడ తినాలి: ముందు మధ్యాహ్న భోజనం సంగతి చూసుకోండి

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో బయట ఎక్కడ తినాలి, ఎక్కడ తినకపోయినా నష్టం లేదు అనే విషయం మాట్లాడతాను. ఇందులో చెప్పబోయే ఏ భోజనశాల దగ్గరా నేను డబ్బు గానీ, ఉచిత భోజనం గానీ తీసుకోలేదు. బిల్లులన్నీ నా జేబులోంచే కట్టాను కాబట్టి, నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. లిస్బన్‌లో అసలైన భోజనం మధ్యాహ్నం దొరుకుతుంది, రాత్రి కాదు. మనవాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు పగలంతా కోట, చర్చీలు, 28వ నంబరు ట్రాము అంటూ తిరిగి, దారిలో ఏదో ఒక రొట్టెముక్కతో కడుపు సరిపెట్టుకుని, చీకటి పడ్డాక ఊరి నడిబొడ్డున ఉన్న బైషా పేట వీధుల్లో మెనూ అట్ట చేత్తో పట్టుకుని పిలిచే మనిషి వెంట వెళ్ళి కూర్చుంటారు. నేను కూడా మొదటి రెండు రోజులు అదే చేశాను. మూడో రోజున దారి తప్పి ఒక సందులోకి వెళ్ళి, తలుపు మీద అంటించిన చేతిరాత కాగితం చూసి లోపలికి అడుగుపెట్టాక గానీ, ఈ ఊరివాళ్ళు ఎక్కడ తింటున్నారో నాకు తెలియలేదు.

అలాంటి చోటును ఇక్కడ 'తాస్కా' అంటారు. ఒక ఇంటివాళ్ళు నడుపుకునే చిన్న భోజనశాల అన్నమాట. మన దగ్గర కోర్టుల చుట్టుపక్కలా, కలెక్టరాఫీసుల వెనకా భార్య వండితే భర్త వడ్డించే మెస్సులు ఉంటాయి చూడండి, తాస్కాకు అంతకంటే దగ్గర పోలిక నాకు తట్టలేదు. పది పన్నెండు బల్లలు, గోడకు పింగాణీ పలకలు, మూలన మోగుతూ ఉండే టీవీ, స్టీలు గట్టు వెనక యజమాని, ఇంతే సరంజామా. ఆ రోజు వండినవి ఐదారు రకాలు కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తారు. దాన్ని 'ప్రాతో దో దీయా' అంటారు, అంటే ఆ పూట వంటకం. ఏదైనా అయిపోతే ఆ పేరు మీద గీత కొట్టేస్తారు. అందుకే 12:30 కల్లా కూర్చోవాలి. ఒంటిగంటకు చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళు, బ్యాంకులవాళ్ళు, మేస్త్రీలు, కూలీలు అందరూ ఒకేసారి వస్తారు, ఆ తరువాత వెళ్ళినవారికి గీతలే మిగులుతాయి.

బల్ల మీద గుడ్డ బదులు కాగితం పరుస్తారు. బల్లమీద పరిచే దాన్ని పోర్చుగీసులో 'తువాల్యా' అంటారు, మన 'తువ్వాలు' వచ్చింది ఆ మాట నుంచే. నేను మేస్త్రీ అన్నది కూడా వాళ్ళ 'మెస్త్రె' అనే మాటే. కొన్ని తాస్కాల్లో తినడం పూర్తయ్యాక పెద్దాయన చెవి మీది పెన్సిలు తీసి, ఆ కాగితపు తువ్వాలు మూల మీదే కూడికలు వేసి, బిల్లు అక్కడే చూపిస్తాడు. ఆ లెక్కను ఫొటో తీసుకుంటుంటే నన్ను చూసి ఆయన నవ్వాడు గానీ, నాకు మాత్రం మా ఊరి కిరాణా కొట్టు గుర్తుకు వచ్చింది.

ఇలాంటి చోట ముందు ఒక గిన్నెడు సూపు, ఆ తరువాత చేపతోనో మాంసంతోనో ఒక పెద్ద పళ్ళెం, దానితో పాటు అన్నం లేదా బంగాళాదుంపలు, చివర కాఫీ తీసుకుంటే నాకు ఎక్కువసార్లు 10 నుంచి 14 యూరోల మధ్య అయింది. పరిమాణం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. చాలాచోట్ల ధర రెండు వరుసల్లో ఉంటుంది. 'దోజ్' అని రాసినది ఇద్దరికి సరిపోతుంది, 'మెయా దోజ్' అంటే అందులో సగం. ఒక్కరే వెళ్ళి తెలియక పూర్తి దోజ్ చెప్పారంటే, పక్క బల్లవాళ్ళు మీ వైపు జాలిగా చూస్తారు. కొన్ని చోట్ల విదేశీ కార్డులు పనిచేయవు, స్థానిక బ్యాంకుల కార్డులు లేదా నగదు మాత్రమే తీసుకుంటారు. కాబట్టి ఇరవై యూరోల నోటు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆదివారం చాలా తాస్కాలు మూసి ఉంటాయి. సోమవారం తాజా చేప తక్కువని ఇక్కడివాళ్ళే చెబుతారు, ఆదివారం పడవలు వేటకు వెళ్ళకపోవడమే కారణం.

పేరు చెప్పమంటే, మొరారియా పేటలోని 'జె దా మొరారియా' చెబుతాను. 1147లో క్రైస్తవ రాజు లిస్బన్‌ను గెలుచుకున్న తరువాత, ఓడిపోయిన మూర్లు అంటే ముస్లింలు కోట గోడల వెలుపల ఉండడానికి వదిలిన పేట మొరారియా. పేరు కూడా అలాగే వచ్చింది. సందులు ఇరుకు, ఎక్కడం దిగడం తప్పదు. ఈ భోజనశాలలో బకల్యావ్ అనే ఉప్పుచేప ముక్కను కాల్చి, శనగలు, బంగాళాదుంపలు, వెల్లుల్లి వేసి ఆలివ్ నూనెలో తేలేటట్టు పళ్ళెంలో పెట్టి తెస్తారు. ఇద్దరం కలిసి ఒక్కటి చెప్పుకుని, అది కూడా పూర్తి చేయలేకపోయాం. ఉప్పు సరిగ్గా విడిచింది, చేప రేకులు రేకులుగా విడిపోయింది, నూనె మాత్రం నాకు కాస్త ఎక్కువనిపించింది. పేరు పెరిగిన కొద్దీ వరుస కూడా పెరిగింది కాబట్టి 12 దాటగానే వెళ్ళి నిలబడడం మంచిది.

ఇప్పుడు బకల్యావ్ గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడక తప్పదు, ఎందుకంటే ఈ దేశపు వంటకు అదే వెన్నెముక. బకల్యావ్ అంటే ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేప. చిత్రమేమిటంటే ఈ చేప పోర్చుగల్ సముద్రంలో దొరికేది కాదు. ఒకప్పుడు వీళ్ళ నావలు అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ వరకు వెళ్ళి పట్టి, ఉప్పులో వేసి తెచ్చేవి. ఇప్పుడు ఎక్కువ భాగం నార్వే వైపు నుంచి వస్తోంది. పక్కనే తాజా చేపలతో నిండిన సముద్రం ఉండగా ఎండుచేప మీద ఇంత మోజు ఏమిటని మనకు అనిపించవచ్చు. కానీ మన కోస్తాలో తాజా చేప దొరికే ఊళ్ళోనే ఎండుచేప పులుసు కోసం ఎదురుచూసేవాళ్ళు లేరా? తేడా ఒక్కటే ఉంది. మన దగ్గర ఎండుచేప రోజువారీ వంట, ఇక్కడ అది పండుగ వంట కూడా. క్రిస్మస్ ముందు రాత్రి ఎక్కువ ఇళ్ళలో బల్ల మీద ఉండేది ఉడికించిన బకల్యావ్, బంగాళాదుంపలు, క్యాబేజీ.

వండే ముందు ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, మధ్యమధ్య నీళ్ళు మారుస్తూ ఉప్పు వదిలిస్తారు. ఆ పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది, తాస్కాకు మార్కులు వేయడానికి నేను పెట్టుకున్న పరీక్ష కూడా అదే. మొదటిసారి తినేవాళ్ళు 'బకల్యావ్ ఆ బ్రాష్' తో మొదలుపెట్టండి. చేపను పీచులుగా చీల్చి, ఉల్లిపాయతో వేయించి, అగ్గిపుల్లల్లా తరిగిన బంగాళాదుంప వేపుడు కలిపి, పైన గుడ్లు కొట్టిపోసి, అవి పూర్తిగా గట్టిపడక ముందే దించేస్తారు. ఆ తడి ఉండాలి. పొడిపొడిగా వచ్చిందంటే వంటవాడు ఎక్కువసేపు పొయ్యి మీద వదిలేశాడని అర్థం. రెండోసారికి 'పతానిష్కాస్' చెప్పండి. ఇవి బకల్యావ్ పీచులు కలిపి పిండిలో వేసిన పలుచని వడల్లాంటివి. వీటితో టమాటా అన్నం ఇస్తారు, అది పొడిగా కాకుండా జారుగా ఉంటుంది. అన్నట్టు, ఐరోపాలో తలసరి లెక్కన బియ్యం ఎక్కువగా తినేది పోర్చుగీసువారే. కాబట్టి అన్నం లేకుండా రోజు గడవని మనవాళ్ళకు ఇంతకంటే అనువైన రాజధాని ఆ ఖండంలో కనిపించడం కష్టం. పీత, రొయ్య, ఆలిచిప్పలు వేసి చారు చారుగా వండే సముద్రపు అన్నం ఒక్కసారైనా తినవలసినదే.

ఇక మనవాళ్ళు ఎక్కువగా గొడవపడే సంగతికి వద్దాం. కూర్చోగానే ఎవరూ అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న, చిన్న జున్నుముక్క తెచ్చి పెడతారు. దీన్ని 'కూవేర్' అంటారు. మన హోటల్లో ముందుగా పెట్టే పచ్చడి, అప్పడం లాంటిదనుకుని నేను అన్నీ తినేశాను. బైషాలో ఆ భోజనశాల పేరు చెప్పను గానీ, బిల్లులో రొట్టెకు వేరు, ఆలివ్‌కు వేరు, వెన్నకు వేరు, నేను గుర్తుపట్టని ఇంకొకదానికి వేరు లెక్క పడి, కూర కంటే పక్క సరుకులే బరువయ్యాయి. ఇందులో మోసం అనవలసినది లేదు, అది ఇక్కడి పద్ధతి. అయితే చట్టం మీ పక్షాన ఉంది. 2015 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం మీరు అడగని, మీరు ముట్టుకోని కూవేర్‌కు డబ్బు వసూలు చేయకూడదు. అక్కరలేకపోతే "నావ్, ఒబ్రిగాదో" అని మర్యాదగా చెబితే తీసుకువెళ్తారు. ఆడవారైతే "ఒబ్రిగాదా" అనాలి. మామూలు తాస్కాలో రొట్టె, ఆలివ్‌లకు అయ్యేది తక్కువే, అక్కడ ఉంచుకోమనే నేను చెబుతాను. టిప్పు తప్పనిసరి కాదు.

శాకాహారుల గురించి నిజం చెప్పాలంటే, తాస్కా వాళ్ళ కోసం కట్టింది కాదు. "మాంసం తినను" అని చెబితే ట్యూనా చేప వేసిన సలాడ్ తెచ్చి పెట్టిన చోట్లు ఉన్నాయి. అందువల్ల "నావ్ కోము కార్నె నెం పైష్" అంటే మాంసమూ తినను, చేపా తినను అని రెండూ కలిపి చెప్పండి. 'కాల్దో వెర్ద్' అనే ఆకుకూర సూపు చాలా బాగుంటుంది, కానీ అందులో పంది మాంసపు సాసేజ్ ముక్క వేస్తారు, కొన్ని చోట్ల దానితోపాటే ఉడికిస్తారు కూడా, కాబట్టి అడిగి తీసుకోవాలి. గుడ్డు తినేవారైతే 'పెషీన్యోష్ ద ఓర్తా' తప్పక తినండి. ఆ పేరుకు 'తోటలోని చిట్టి చేపలు' అని అర్థం, చేప మాత్రం ఉండదు. బీన్స్ కాయలను పిండిలో ముంచి వేయించిన బజ్జీలే అవి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి నుంచి జపాన్ వాళ్ళు నేర్చుకున్న ఈ పద్ధతే టెంపురా అయిందని చెబుతారు. గట్టు దగ్గర నిలబడి వేడివేడిగా తింటుంటే పక్కన అల్లప్పచ్చడి ఉంటే బాగుండునని అనిపించింది. ఖర్చుకు వెనకాడని శాకాహారులకు షియాదో పేటలో 'ఎంకాంతో' అనే భోజనశాల ఉంది. పూర్తిగా శాకాహారమే వడ్డించి, మేటి భోజనశాలలకు ఇచ్చే మిషెలిన్ నక్షత్రం తెచ్చుకున్న చోటు అది. నేను అక్కడ తినలేదు కాబట్టి మార్కులు వేయను. గొడ్డు మాంసం తినని వారు 'బితోక్', 'ప్రెగో' అనే పేర్లు గుర్తుపెట్టుకోండి, రెండూ అదే. 'బిఫానా' పంది మాంసం పెట్టిన రొట్టె.

కారం గురించి అడుగుతారని తెలుసు. మిరపకాయను అమెరికా ఖండం నుంచి మన పడమటి తీరానికి పదహారో శతాబ్దంలో తెచ్చింది పోర్చుగీసు నావికులే, వాళ్ళు ఆ పని చేయకపోతే గుంటూరుకు ఆ పేరు లేదు. అంతటి ఉపకారం చేసినవాళ్ళు తమ వంటలో మాత్రం కారం వాడకుండా మిగిలిపోయారు. బొగ్గుల మీద కాల్చిన కోడికి మాత్రం పిరి-పిరి అనే మిరప నూనె ఇస్తారు, దాన్నీ అడిగితేనే తెస్తారు. మాటల్లో మాట, బైర్రో ఆల్తో పేట పక్కన 'కాజా దా ఇందియా' అనే బోర్డు చూసి మన వంట దొరుకుతుందని పరుగెత్తకండి. అది పోర్చుగీసు తాస్కా, ఒకప్పుడు మన దేశంతో జరిగిన వ్యాపారాన్ని చూసిన రాజుగారి కార్యాలయానికి ఉన్న పేరది. కాల్చిన కోడి అక్కడ బాగానే ఉంటుంది, వరుసగా బల్లల దగ్గర అపరిచితుల పక్కన ఇరుక్కుని తినడానికి అభ్యంతరం లేకపోతే వెళ్ళండి.

నిజంగా మన వాసన కావాలంటే మళ్ళీ మొరారియాకే రావాలి. గోవా 1961 వరకు పోర్చుగల్ చేతిలో ఉండడం వల్లా, 1975లో మొజాంబిక్ స్వతంత్రమయ్యాక అక్కడి గోవా, గుజరాతీ కుటుంబాలు చాలా లిస్బన్‌కు రావడం వల్లా, సమోసా ఇక్కడ 'షమూసా' అయి ప్రతి మిఠాయి దుకాణం అద్దాల వెనకా కూర్చుంది. 'తెంతసోయెస్ ద గోవా' అనే చిన్న భోజనశాలలో గోవా క్రైస్తవుల వంట దొరుకుతుంది. కొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి వేయించి నూరిన షకూతి మసాలా రుచి చూసేసరికి నాలుగు రోజుల తరువాత నాలుకకు ప్రాణం లేచి వచ్చింది. దగ్గరలోనే ఉన్న 'కాంతీన్యో దో అజీజ్' మొజాంబిక్ వంటకు పేరుపొందింది, మెట్ల మీద వేసిన బల్లల దగ్గర సాయంత్రం కూర్చోవడం బాగుంటుంది.

తీపి విషయానికి వస్తే, 'పాస్తెల్ ద నాతా' అనే గుడ్డుసొన తీపి కాజా గురించి అందరూ అడిగేది ఒక్కటే: బెలేం మంచిదా, మాంతెగరియా మంచిదా? 1834లో మఠాలను మూసివేశాక, బెలేం పేటలోని జెరోనిమో మఠం పక్కనున్న కొట్టులో ఈ తీపి అమ్మకం మొదలైంది, 1837 నుంచి అక్కడే సాగుతోంది. 'పాస్తెల్ ద బెలేం' అనే పేరు ఆ ఒక్క దుకాణానిదే, వంట రహస్యం గది దాటి బయటకు రాదు. బయట కనిపించే పొడవాటి వరుస పొట్లం కట్టించుకునేవాళ్ళది. లోపల ఒకదాని వెనక ఒకటి గదులున్నాయి, నేరుగా వెళ్ళి కూర్చుంటే ఎక్కువసార్లు తొందరగానే దొరుకుతుంది. షియాదోలోని మాంతెగరియాలో కొత్త వాయి పొయ్యి నుంచి దిగినప్పుడల్లా గంట మోగిస్తారు. లోపలి మీగడ దానిది చిక్కన, తీపి కూడా ఎక్కువ. పైపొర కరకరలాడడంలోనూ, తీపి వెనక సన్నగా ఉప్పు తగలడంలోనూ బెలేందే పైచేయి. నా ఓటు బెలేంకే, పైన దాల్చినచెక్క పొడి చల్లుకోవడం మరిచిపోవద్దు. దానితో కాఫీ అడిగేటప్పుడు 'బీకా' అనండి, చిక్కటి చిన్న కాఫీకి లిస్బన్ వాళ్ళ పేరు అది. మన కాఫీ లాంటి పాలు కావాలంటే గాజు గ్లాసులో వచ్చే 'గలావ్' సరిపోతుంది. గట్టు దగ్గర నిలబడి తాగితే చౌక. 1905 నాటి 'ఆ బ్రజిలేయిరా' కాఫీశాల బయట కవి ఫెర్నాందో పెస్సోవా కంచు విగ్రహం పక్కన కూర్చుని ఫొటో దిగడం ఉచితమే, కాఫీ లోపల తాగండి.

రాత్రి భోజనానికి డబ్బు పెట్టదలిస్తే, అది రొయ్యలూ పీతల మీద పెట్టండి. 1956 నుంచి నడుస్తున్న 'సెర్వెజరియా రమీరో'లో వెల్లుల్లి, ఆలివ్ నూనెలో సలసల కాగుతూ వచ్చే రొయ్యలు, వెన్న పూసి కాల్చిన రొట్టెతో ఆ నూనె అద్దుకుని తినడం నాకు ఈ ప్రయాణంలో దక్కిన మంచి రాత్రి భోజనం. పెద్ద రకాలన్నీ కిలో లెక్కన ధర వేస్తారు కాబట్టి తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో ముందే అడగండి, అందులో నామోషీ లేదు. నదీతీరపు పాత బజారు భవనంలో 2014లో పెట్టిన 'టైమ్ అవుట్ మార్కెట్' ఒకే కప్పు కింద అన్ని రుచులూ చూపిస్తుంది, కానీ గోల ఎక్కువ, ధర ఎక్కువ, కూర్చోవడానికి చోటు కోసం పళ్ళెం పట్టుకుని తిరగాలి. వాన పడుతున్న రోజుకు దాచుకోండి. ఫాదో అనే పోర్చుగీసు పాట వింటూ తినే అల్ఫామా పేట భోజనశాలల్లో మీరు కట్టేది పాటకు, పళ్ళేనికి కాదు. దీపాలు తగ్గించి పాట మొదలైతే చెంచా చప్పుడు కూడా చేయకూడదు. కాబట్టి కడుపు నిండా తాస్కాలో తిని, ఫాదోకు ఆ తరువాత వెళ్ళమనే నా సలహా.

జూన్‌లో వచ్చేవారికి ఇందులో సగం అక్కరలేదు. 12వ తేదీ రాత్రి సెయింట్ ఆంటోనీ పండుగకు అల్ఫామా సందులన్నీ పొయ్యిలే అవుతాయి, కాల్చిన కవళ్ళ లాంటి సార్డిన్ చేపను రొట్టెముక్క మీద పెట్టి వీధిలోనే చేతికిస్తారు. మిగతా నెలల్లో వచ్చినవారు పడుకునే ముందు సావ్ దొమింగోస్ కూడలికి నడవండి. 1840 నుంచి ఉన్న 'ఆ జింజీన్యా' అనే కొట్టులో మనిషి నిలబడడానికే చోటు ఉండదు. పుల్ల చెర్రీలతో చేసిన మద్యం చిన్న గ్లాసులో పోస్తూ, పండ్లతో ఇవ్వాలా పండ్లు లేకుండానా అని ఒక్కటే అడుగుతారు. పండ్లతో తీసుకోండి, గింజను మాత్రం అందరిలా చెత్తబుట్టలోనే వేయండి.